ముంబయి తాజ్‌లో బస: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదురుగా ఉన్న తాజ్ మహల్ ప్యాలెస్‌లో ఒక్క రాత్రయినా ఉండాలని చాలామందికి ఉంటుంది. అమ్మానాన్నల షష్టిపూర్తికని కొందరు, రొయ్యల ఎగుమతి పని మీదో చీమకుర్తి గ్రానైట్ పని మీదో వెళ్తూ ఇంటావిడనూ తీసుకెళ్దామని కొందరు అడుగుతుంటారు. అందరి అనుమానాలూ దాదాపు ఒకటే, అందుకే ఇక్కడ రాసి పెట్టాం. ఆ హోటల్లో మీరు డబ్బు పెట్టేది రెండింటికి: ఒకటి కిటికీ, రెండోది అక్కడ గడిపే గంటలు. ఈ రెండూ ముందే ఆలోచించుకుని బుక్ చేసుకుంటే పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం ఉంటుంది.

## బుక్ చేసే ముందు

ప్యాలెస్, టవర్ అని రెండు చూపిస్తున్నారు. ఏది తీసుకోవాలి?

ఫొటోల్లో ఎర్ర గుమ్మటంతో కనపడే పాత భవనం ప్యాలెస్. జంషెడ్‌జీ టాటా కట్టించారు, 1903 డిసెంబరు 16న తెరిచారు. పక్కన నిటారుగా ఉన్న బహుళ అంతస్తుల కట్టడం టవర్, 1970ల్లో వచ్చింది. లోపల రెండూ కలిసే ఉంటాయి. టవర్‌లో దిగినవాళ్లు కూడా ప్యాలెస్ మెట్లు, వరండాలు, ఈతకొలను అన్నీ చూడొచ్చు, వాడుకోవచ్చు.

ఎత్తైన పైకప్పులు, పొడుగాటి వరండాలు, పాతకాలపు సామాను కావాలంటే ప్యాలెస్. రేటు ఎక్కువే. టవర్ గదులు ఇప్పటి హోటళ్ల తీరులో ఉంటాయి. రేటు తక్కువ, పై అంతస్తుల నుంచి నీళ్లు ఇంకా దూరం కనపడతాయి. జీవితంలో ఒక్కసారే వెళ్లేది, అదీ అమ్మానాన్నల కోసమైతే, టవర్‌లో రెండు రాత్రుల కంటే ప్యాలెస్‌లో ఒక్క రాత్రి మేలని మా అభిప్రాయం. పని మీద వెళ్లి పడుకోవడానికే గదికి వచ్చేవాళ్లకు టవర్ చాలు.

బుకింగ్ పేజీలో గది పేరుతో పాటు అది ప్యాలెస్ రెక్కలోదా, టవర్ రెక్కలోదా అన్నది కూడా చదవండి. హోటల్ పేరు ఒకటే కదా అని తక్కువ రేటు నొక్కేసి, తీరా దిగాక ‘ఫొటోలో ఉన్న బిల్డింగు ఇది కాదే’ అని నొచ్చుకునేవాళ్లు చాలామంది.

సముద్రం కనపడే గదికి అంత ఎక్కువ తీసుకుంటున్నారు. దండగ కాదా?

మీరు పొద్దున్నే లేస్తారా, లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ముంబయి పడమటి తీరమే అయినా తాజ్ ముందున్నది అరేబియా సముద్రపు తెరిచిన ఒడ్డు కాదు, తూర్పు వైపున్న ఓడరేవు నీళ్లు. కాబట్టి మైపాడులో, కొత్తపట్నంలో చూసినట్టే ఇక్కడా సూర్యుడు నీళ్ల మీదే ఉదయిస్తాడు. ఆరు, ఆరున్నరకల్లా కర్టెన్ తీస్తే గేట్‌వే రాతి కమాను, దాని వెనక లంగరేసిన పడవలు, వాటి మీద తొలి వెలుగు కనపడతాయి. ఎక్కువ కట్టిన డబ్బంతా ఆ గంటసేపటికే. తొమ్మిదింటికి లేచేవాళ్లు నగరం వైపు గదో, ఈతకొలను వైపు గదో తీసుకుని ఆ తేడా డబ్బు భోజనానికి పెట్టుకోవడం మంచిది.

సూర్యాస్తమయం మాత్రం ఈ కిటికీల్లోంచి కనపడదు. దానికి మెరైన్ డ్రైవ్ వెళ్లాలి, టాక్సీలో దగ్గరే. ఇసుక, అలల్లో స్నానం కూడా ఇక్కడ ఉండవు. రోడ్డు, దాని పక్కన రాతి గోడ, గోడ కింద నీళ్లు. పిల్లలకు ‘బీచ్ హోటల్’ అని చెప్పి తీసుకెళ్లకండి.

వెబ్‌సైట్‌లో చూసిన రేటు ఒకటి, చివర్లో కట్టమన్నది ఇంకొకటి. ఎందుకు?

మొదట చూపేది పన్ను కలపని రేటు. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి జీఎస్టీ 18 శాతం. లెక్క కోసం గది 20,000 అనుకుంటే పన్ను 3,600 కలిపి 23,600 అవుతుంది. ఇంత రేటున్న హోటళ్లలో రెస్టారెంటు బిల్లు మీద కూడా 18 శాతమే పడుతుంది, బయటి హోటళ్లలోలాగా 5 శాతం కాదు. మెనూలో 1,000 అని ఉంటే మీరు కట్టేది 1,180.

ఇంకో తేడా రేటు రకంలో ఉంటుంది. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాని రేటు చవగ్గా కనపడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు దాని జోలికి పోవద్దు. ఆరోగ్యాలు ఎలా ఉంటాయో చెప్పలేం, రైలు టికెట్ వెయిటింగ్‌లో ఉండిపోవచ్చు. ఉదయం టిఫిన్ కలిసిన రేటు, కలవని రేటు మధ్య తేడా కూడా చూసుకోండి. ఇద్దరూ కడుపునిండా తినేవాళ్లయితే కలిసిన రేటే లాభం.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. రేట్లు కూడా అప్పుడే ఎక్కువ, డిసెంబరు చివరి పది రోజులైతే మరీ. డిసెంబరు 31 రాత్రి గేట్‌వే చుట్టూ పోలీసులు వాహనాలు ఆపేస్తారు, ఆ రోజు చేరుకునేవాళ్లు మధ్యాహ్నానికే లోపల ఉండేట్టు చూసుకోవాలి.

జూన్ రెండో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా అక్కడ వాన. మనకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో పడతాయి కాబట్టి, ‘జూలైలో ఏం వానలే’ అని బయల్దేరతారు. ముంబయిలో జూలై అంటే రోజుల తరబడి ముసురు, పట్టాల మీద నీళ్లు, పడవలు బంద్. కానీ గది రేట్లు దిగివస్తాయి. గదిలో కూర్చుని వానలో ఓడరేవును చూస్తూ టీ తాగడమే చాలనుకుంటే జూలై, ఆగస్టుల్లో వెళ్లండి. ఊరు తిరగాలనుకుంటే మాత్రం వద్దు.

మేం ఇద్దరం, అమ్మా నాన్నా, ఒక పాప. ఒకే గదిలో సర్దుకోవచ్చా?

కుదరదు. మామూలుగా ఒక గదికి ముగ్గురు పెద్దవాళ్లు, లేదా ఇద్దరు పెద్దవాళ్లు, పిల్లలు. అదనపు మంచానికి వేరే డబ్బు. మీకు రెండు గదులు కావాలి. మధ్యలో తలుపుతో కలిసే గదులు కావాలని బుకింగ్‌లో రాసి, వారం ముందు ఫోన్ చేసి మళ్లీ చెప్పండి. రాసినంత మాత్రాన ఖాయం కాదు, ఆ రోజు ఖాళీని బట్టి ఇస్తారు. రెండు గదుల ఖర్చు భారమైతే ఒకటి సముద్రం వైపు, ఒకటి నగరం వైపు తీసుకోండి. ఉదయం అందరూ ఒకే కిటికీ దగ్గర కూర్చోవచ్చు.

ఫోన్‌లో ఒకాయన సగం రేటుకే ఇప్పిస్తా, ముందు యూపీఐ చెయ్యమంటున్నాడు. నమ్మొచ్చా?

నమ్మొద్దు. గూగుల్‌లో కనపడే నంబర్లలో నకిలీవి ఉంటాయి. తాజ్ సొంత వెబ్‌సైట్ తెరిచి అందులోని నంబరుకే చెయ్యండి. మనిషి పేరు మీదున్న యూపీఐకి, సొంత ఖాతాకి డబ్బు అడిగితే అది మోసమే. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, తొందరగా చేస్తేనే డబ్బు ఆపగలరు. సరైన దారిలో తగ్గించుకోవాలంటే టాటా వాళ్ల యాప్‌లో కూడే టాటా న్యూ కాయిన్లు వాడొచ్చు, ఒక్కో కాయిన్ ఒక రూపాయి.

రాత్రి ఉండేంత స్తోమత లేదు. ఊరికే లోపలికి పోయి చూసి రానిస్తారా?

టీకి వెళ్లండి. సీ లాంజ్ అని మొదటి అంతస్తులో ఉంది, కిటికీల్లోంచి గేట్‌వే కనపడుతుంది. మధ్యాహ్నం హై టీలో శాండ్‌విచ్‌లు, కేకులతో పాటు ముంబయి చాట్ కూడా పెడతారు. భోజనం మానేసి వెళ్లినా సరిపోతుంది. కిటికీ పక్క బల్ల కావాలని ముందే ఫోన్ చేసి చెప్పాలి, అప్పటికప్పుడు వెళ్తే శని, ఆదివారాల్లో దొరకడం కష్టం. గది అద్దెతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, చూడాల్సిందీ చాలావరకు చూసినట్టే. ఈ దారిలో వెళ్లడం ఏమాత్రం చిన్నతనం కాదు.

## ప్రయాణం

నెల్లూరు నుంచి ముంబయికి ఏ రైలు ఎక్కాలి?

చెన్నై–ముంబయి రైళ్లు రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా పోతాయి. నెల్లూరు రావు. గూడూరు మీదుగా రేణిగుంట చేరుకుని అక్కడ ఎక్కడం దగ్గరి దారి, సుమారు 120 కిలోమీటర్లు. రెండు రైళ్ల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి. టికెట్ మీద ముంబయి అని చూసి ఊరుకోకుండా ఏ స్టేషనో చదవండి. సీఎస్‌ఎమ్‌టీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) అయితే హోటల్ మూడు కిలోమీటర్ల లోపే. ఎల్‌టీటీ (లోకమాన్య తిలక్ టెర్మినస్) అంటే కుర్లా, అక్కడి నుంచి టాక్సీలో గంట పైనే పట్టొచ్చు.

ఒంగోలు వాళ్లకు?

విజయవాడ వెళ్లి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్ మీదుగా నేరుగా సీఎస్‌ఎమ్‌టీలో దింపుతుంది. లేదా రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ చేరి, ఆ పగలు హైదరాబాద్‌లో పని చూసుకుని, మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చు.

విమానానికి ఏ ఊరు పోవాలి? దిగాక హోటల్‌కి ఎట్టా?

నెల్లూరు వాళ్లకు చెన్నై, జాతీయ రహదారి 16 మీద సుమారు 175 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లకు గన్నవరం. ఇప్పుడు ముంబయికి రెండు విమానాశ్రయాలున్నాయి. చవగ్గా ఉందని నవీ ముంబయి టికెట్ కొంటే నీళ్లకు అవతలి ఒడ్డున దిగుతారు. అటల్ సేతు అనే సముద్రపు వంతెన మీదుగా టాక్సీలో రావాలి, టోల్ వేరే. తాజ్‌కి వెళ్లేవాళ్లకు పాత విమానాశ్రయమే సులువు.

పాత విమానాశ్రయం నుంచి హోటల్ పాతిక కిలోమీటర్ల పైమాటే. టాక్సీలో రాత్రి పూట గంటలోపు, సాయంత్రం రద్దీలో రెండు గంటలు కూడా పట్టొచ్చు. సామాను తక్కువైతే భూగర్భ మెట్రో ఉంది: మూడో లైను, 2025 అక్టోబరు నుంచి కఫ్ పరేడ్ దాకా పూర్తిగా నడుస్తోంది. విమానాశ్రయం టెర్మినళ్లు టీ1, టీ2 రెండింటి దగ్గరా స్టేషన్లున్నాయి. హుతాత్మా చౌక్‌లో దిగి పైకొచ్చి టాక్సీ ఎక్కితే తాజ్ రెండు కిలోమీటర్ల లోపే. ఆటో కోసం వెతక్కండి. దక్షిణ ముంబయిలోకి ఆటోలు రానివ్వరు, నలుపు పసుపు టాక్సీలే.

ఆవకాయ, నెయ్యి తీసుకుపోవచ్చా?

విమానంలో చేతిసంచిలో వద్దు, తనిఖీ దగ్గర తీసేయొచ్చు. లోపలికి వేసే పెట్టెలో పెట్టండి: సీసా మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో వేసి, బట్టల మధ్యలో. ఎండు కొబ్బరి మాత్రం పెట్టెలో కూడా వేయకూడదు, నూనె వల్ల మంట అంటుకునే సరుకుల్లో లెక్క. గదిలో పచ్చడి తింటే ఎవరూ ఏమీ అనరు. రెస్టారెంటులోకి తీసుకెళ్లకండి. గదిలో తిన్నాక సీసా బిగించి కవర్లో పెట్టండి. తెల్లటి దుప్పటి మీద ఆవకాయ నూనె పడితే పోదు, ఆ డబ్బు బిల్లులో వేయొచ్చు.

## చేరిన రోజు

మా రైలు తెల్లారుజామునే చేరుతుంది. గది ఎప్పుడిస్తారు?

గది ఇచ్చేది మధ్యాహ్నం 2 గంటలకు, ఖాళీ చేసేది మర్నాడు 12కి. ముందు రాత్రి నిండి ఉంటే పొద్దున్నే ఇవ్వడం వాళ్ల చేతుల్లో ఉండదు. సామాను మాత్రం ఎన్నింటికి వెళ్లినా తీసుకుని దాచిపెడతారు. పెట్టె అప్పజెప్పి, మొహం కడుక్కుని, బయట తిరిగి రావచ్చు. అందుకని రైల్లో దిగేముందే మందులు, ఛార్జర్, ఒక జత బట్టలు చిన్న సంచిలో వేరు చేసుకోండి.

ఒక్క రాత్రి కోసం వెళ్లేవాళ్లకు ఇది ముఖ్యం: మీకు దొరికేది 22 గంటలే. సరిగ్గా రెండింటికి గదిలో ఉండేట్టు రోజును అమర్చుకోండి. మధ్యాహ్నమంతా ఊళ్లో తిరిగి రాత్రి తొమ్మిదింటికి గదికి చేరితే కట్టిన డబ్బులో మూడో వంతు పోయినట్టే.

ఏ కార్డులు చూపాలి? మా అల్లుడిది అమెరికా పాస్‌పోర్టు.

గదిలో ఉండే ప్రతి పెద్దమనిషికీ ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టుల్లో ఒకటి ఉండాలి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి పనికిరాదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అసలు పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) చూపాలి. వాళ్ల వివరాలు హోటలు 24 గంటల్లోపు ప్రభుత్వానికి పంపాల్సి ఉంటుంది. పాస్‌పోర్టు నెల్లూరు ఇంట్లో బీరువాలో పెట్టి వస్తే ఇబ్బంది.

గది డబ్బు ముందే కట్టాం. మళ్లీ కార్డు ఎందుకు అడుగుతున్నారు?

తిండి, లాండ్రీ లాంటి ఖర్చులకు పూచీగా. క్రెడిట్ కార్డయితే కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతారు, వెళ్లేటప్పుడు వదిలేస్తారు. డెబిట్ కార్డు ఇస్తే డబ్బు ఖాతాలోంచి నిజంగానే పోతుంది, తిరిగి రావడానికి రోజులు పడుతుంది. ఆ ఖాతాలోనే తిరుగు ప్రయాణం డబ్బుంటే చిక్కుల్లో పడతారు, కాబట్టి క్రెడిట్ కార్డే ఇవ్వండి. నగదు కట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టరీత్యా కుదరదు.

తనిఖీలు ఎక్కువంట కదా?

2008 నవంబరు 26 ఉగ్రవాదుల దాడి తర్వాతి నుంచి అంతే. కారు డిక్కీ, పెట్టెలు, మనుషులు అన్నీ చూస్తారు. ఐదు పది నిమిషాల పని, విసుక్కోకండి. ఆ దాడిలో హోటల్ సిబ్బంది చాలామంది తమ ప్రాణాలు అడ్డుపెట్టి అతిథులను బయటికి పంపారు. చనిపోయినవాళ్ల పేర్లతో లాబీలో స్మారకం ఉంది. అక్కడ ఒక్క నిమిషం ఆగండి. దెబ్బతిన్న ప్యాలెస్ రెక్కను బాగుచేసి 2010 ఆగస్టు 15న తిరిగి తెరిచారు.

మా నాయన పంచె తప్ప కట్టడు. ఇంగ్లీషూ రాదు. బాగుంటుందా?

చక్కగా బాగుంటుంది. ఇస్త్రీ చేసిన పంచె, చొక్కా, కండువా ఎక్కడైనా పెద్దమనిషి వేషమే. అభ్యంతరం వచ్చేది సాయంత్రం రెస్టారెంట్లలో నిక్కర్లకు, హవాయి చెప్పులకు, బనియన్లాంటి టీషర్టులకు. మాటకు హిందీ చాలు, నాలుగు ముక్కలు వచ్చినా సరిపెట్టుకుంటారు. మన జిల్లాల పెద్దవాళ్లు అలాంటి చోట గోడ పక్కన ఒదిగి నిలబడిపోతారు, అది చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఈ దేశపు మనిషి ఈ దేశంలో కట్టించిన ఇల్లది. లాబీ కుర్చీలో నిండుగా కూర్చోమని ముందే చెప్పి తీసుకెళ్లండి.

## హోటల్ లోపల

అన్నం, పప్పు దొరుకుతాయా?

హోటల్లోని షామియానా అనే రెస్టారెంటులో రోజంతా భోజనం ఉంటుంది, దక్షిణాది టిఫిన్లు కూడా. సాంబారు తియ్యగా అనిపిస్తే ఆశ్చర్యపడకండి. కారం ఎక్కువ వేయమని చెప్పొచ్చు, కానీ నెల్లూరు చేపల పులుసు పులుపు అక్కడ ఆశించకండి. గదికి తెప్పించుకుంటే పెరుగన్నం, పప్పు, ఉడికించిన కూరలు అడిగి చేయించుకోవచ్చు. రాత్రి మందులు వేసుకునే పెద్దవాళ్లకు అదే నయం. చైనా వంటకు గోల్డెన్ డ్రాగన్, జపాన్ వంటకు వసాబి పేరున్నవే, రెండూ ఖరీదే.

బయట తినాలంటే హోటల్ ఉన్న కొలాబాలోనే కైలాస్ పర్బత్ అనే శాకాహార హోటల్ ఉంది. కడుపు నిండా అరిటాకు భోజనం కావాలంటే మాటుంగా స్టేషన్ దగ్గరి రామా నాయక్ ఉడుపి దాకా వెళ్లాలి.

గదిలో పెట్టినవన్నీ ఉచితమేనా?

సీసా నీళ్లు, టీ, కాఫీ పొట్లాలు, సబ్బులు, చెప్పులు ఉచితం. చిన్న ఫ్రిజ్‌లో ఉన్నవి ధర కాగితం చూసి తీసుకోండి. బట్టలు ఉతకడానికి ఒక్కో దానికీ విడి రేటు, ఇస్త్రీ వరకైతే ఇస్త్రీపెట్టె అడిగి తెప్పించుకోండి.

ఈతకొలనులో ఆడవాళ్లు చుడీదార్‌తో దిగొచ్చా?

దిగనివ్వరు. ఈత దుస్తులే ఉండాలి. ఒళ్లంతా కప్పే నైలాన్ సూట్లు దొరుకుతాయి, ఊళ్లోనే కొనుక్కుని వెళ్లండి.

గది కాక లోపల చూడాల్సినవి ఏమున్నాయి?

ప్యాలెస్ మధ్యలో గాల్లో వేలాడుతున్నట్టుండే పెద్ద మెట్లవరుస, అక్కడే జంషెడ్‌జీ విగ్రహం. కింద నిలబడి గుమ్మటం లోపలివైపు చూడండి. వరండాల్లో ఎం.ఎఫ్. హుస్సేన్ లాంటి చిత్రకారులు వేసిన బొమ్మలున్నాయి. బస చేసేవాళ్లకు హోటల్ చరిత్ర చెబుతూ తిప్పి చూపే ఏర్పాటు ఉంది, ఆ రోజు ఎన్నింటికో దిగగానే అడిగి పేరు రాయించుకోండి.

చాలామంది చెప్పే కథ ఒకటుంది: భవనాన్ని పొరపాటున వెనక్కి తిప్పి కట్టారని. అది నిజం కాదు. మొదట్లో ప్రధాన ద్వారం నగరం వైపు, ఇప్పుడు ఈతకొలను ఉన్న పక్క ఉండేది. తర్వాత నీళ్లవైపుకి మార్చారు. ఇంకో సంగతి: గేట్‌వే పూర్తయింది 1924లో, అంటే హోటలే దానికంటే ఇరవై ఏళ్లు పెద్దది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఈ హోటల్‌ను 600 మంచాల ఆసుపత్రిగా మార్చారు.

## చుట్టుపక్కల

ఎలిఫెంటా గుహలకు పెద్దవాళ్లను తీసుకుపోవచ్చా?

మోకాళ్లు బాగుంటే వెళ్లొచ్చు. గేట్‌వే దగ్గరే టికెట్ కౌంటరు, ఉదయం 9 ప్రాంతంలో పడవలు మొదలవుతాయి, ఒకవైపు గంట ప్రయాణం. దిగాక గుహల దాకా సుమారు 120 మెట్లు. ఎక్కలేనివాళ్లకు డోలీ దొరుకుతుంది, బేరం ఎక్కకముందే తేల్చుకోవాలి. సోమవారం గుహలు మూసేస్తారు, ఆదివారం రాత్రి బస చేసేవాళ్లు ఈ ఒక్కటి చూసుకోక దెబ్బతింటారు. రానూ పోనూ, చూడ్డానికీ కలిపి ఐదు గంటలు పెట్టుకోండి. 12కి గది ఖాళీ చేయాల్సిన రోజున వెళ్తే ముందే ఖాళీ చేసి సామాను అప్పజెప్పి వెళ్లాలి.

పడవలో లైఫ్ జాకెట్ వేసుకోండి, పిల్లలకు కొలతకు సరిపడేది అడగండి. 2024 డిసెంబరు 18న ఇదే దారిలో పడవ ప్రమాదం జరిగి ప్రాణాలు పోయాయి. వానాకాలంలో సముద్రం పోటుగా ఉన్న రోజు పడవలు నడపరు.

నడిచి వెళ్లేంత దూరంలో ఏమున్నాయి?

వెనక వీధి దాటితే కొలాబా కాజ్‌వే బజారు. చెప్పిన ధరలో సగం నుంచి బేరం మొదలుపెట్టండి. రీగల్ సినిమా సెంటర్ దాటగానే ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం (మ్యూజియం), దాని పక్కన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ. గేట్‌వే ఆవరణకు పొద్దున్న ఏడింటిలోపు వెళ్తే జనం తక్కువ, ఫొటోలు బాగా వస్తాయి. పక్కనే నౌకాదళ స్థావరం ఉంది కాబట్టి డ్రోన్ ఎగరేయొద్దు.

## ఖాళీ చేసేటప్పుడు

బిల్లులో ఏమేం చూసుకోవాలి?

ముందు రాత్రే బిల్లు కాగితం అడిగి తీసుకోండి, పొద్దున్న పదకొండున్నరకు కౌంటర్ దగ్గర రద్దీ. టిఫిన్ కలిసిన రేటు తీసుకుని ఉంటే టిఫిన్ విడిగా పడిందేమో, తాకని ఫ్రిజ్ సరుకులు ఎక్కాయేమో చూడండి. సర్వీస్ ఛార్జి అని కనపడితే అది తప్పనిసరి కాదు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది. వద్దంటే తీసేయాలి. వ్యాపారం మీద వెళ్లినవాళ్లు జీఎస్టీ నంబరు, సంస్థ పేరు గది తీసుకునేటప్పుడే రాయించాలి. బిల్లు కొట్టాక మార్పించడం తలనొప్పి. టిప్పు మీ ఇష్టం. సామాను మోసిన మనిషికి, గది శుభ్రం చేసిన మనిషికి చేతికిస్తే వాళ్లకే చేరుతుంది.

మా రైలు రాత్రికి. పన్నెండు తర్వాత ఎక్కడుండాలి?

ఖాళీ ఉంటే ఒకటి, రెండు గంటలు ఎక్కువ ఉండనిస్తారు, పొద్దున్నే అడగాలి. సాయంత్రం దాకా కావాలంటే డబ్బు కట్టాలి. సామాను ఎలాగూ దాస్తారు కనుక పెద్దవాళ్లతో మ్యూజియం చూసి, నాలుగింటికి వెనక్కొచ్చి టీ తాగి, ఆరింటికల్లా స్టేషన్‌కు బయల్దేరితే అలసట ఉండదు. సీఎస్‌ఎమ్‌టీకి టాక్సీలో పావుగంట, ఆఫీసులు వదిలే వేళ అరగంట. కుర్లా ఎల్‌టీటీ అయితే రైలుకు రెండున్నర గంటల ముందే కదలండి.